కోటగోడలకు ముందు కొలత, ఆ తర్వాతే యాంకర్

సంపాదకులకు నమస్కారం.

వానాకాలంలో పాత కోటగోడ ఏదైనా కూలితే వార్తలో రెండు మాటలు తప్పకుండా ఉంటాయి. భారీ వర్షానికి కూలిందని ఒకటి, త్వరలో మరమ్మతు చేపడతారని ఇంకొకటి. కూలకముందు ఆ గోడ ఎన్నేళ్లుగా కదులుతోంది, ఏ వైపు కదులుతోంది, నెలకు ఎంత కదులుతోంది అన్నది మాత్రం ఉండదు. చాలా గోడల విషయంలో ఆ లెక్క రాసిపెట్టినవాళ్లే లేరు. 2020 అక్టోబరు వానలకు గోల్కొండ కోటలో ఒక గోడ భాగం పడిపోయింది. వాన కారణమే, కాదనం. కానీ అదే వాన పక్కనున్న గోడ మీదా కురిసింది, అది నిలబడింది. తేడా ఎక్కడుందో తెలియాలంటే గోడను కొలవాలి.

మేం పాత కట్టడాల మరమ్మతు పనుల్లో ఉన్న ఇంజినీర్లం, మేస్త్రీలం. మీ పత్రిక ద్వారా చెప్పదలిచింది ఒక్కటే. కోటగోడ మరమ్మతు అంచనాలో మొదటి పద్దు ఏడాది పాటు కొలత కావాలి, అందులో ఒక వానాకాలం పూర్తిగా ఉండాలి. రెండో పద్దు నీళ్లు బయటికి పోయే దారి. యాంకర్లు, అంటే గోడలోకి దూర్చి బిగించే లోహపు కడ్డీలు, మూడో పద్దు, అదీ కొలత అవసరమని చెబితేనే. సిమెంటుకు అసలు పద్దే ఉండకూడదు. ఇప్పుడు పనులు చాలావరకు తలకిందులుగా జరుగుతున్నాయి. ముందు సందులన్నీ సిమెంటుతో పూడ్చే పాయింటింగ్, ఆపైన ఇనుప కడ్డీలు, నీళ్ల సంగతి మళ్లీ గోడ ఉబ్బినప్పుడు.

అన్ని గోడలూ ఒకటి కావు కాబట్టి మొదట ఆ తేడా చెప్పాలి. వరంగల్ కోట రాతిగోడ గణపతిదేవుడి కాలంలో మొదలై రుద్రమదేవి కాలంలో పూర్తయింది. 45 బురుజులు, ఆరు మీటర్లకు పైగా ఎత్తు. బయటివైపు పెద్ద పెద్ద గ్రానైటు దిమ్మెలు, సున్నం పెట్టకుండా ఒకదానిమీద ఒకటి కూర్చినవి. లోపలివైపు మట్టికట్ట, దాని మీదుగా గోడపైకి ఎక్కేందుకు రాతి మెట్లు. అంటే అది గోడ మాత్రమే కాదు, వెనకున్న మట్టిని ఆపుతున్న అడ్డుకట్ట. గోల్కొండ గోడల్లో చాలా చోట్ల నిర్మాణం వేరు. రెండు వైపులా రాతి ముఖాలు, మధ్యలో రాతిముక్కలు, గానుగ సున్నం కలిపి నింపిన గర్భం. మొదటి రకం మట్టి తోపుకు కూలుతుంది. రెండో రకం ముఖం, గర్భం విడిపోయి కూలుతుంది. మొదటిదానికి చేసే వైద్యం రెండోదానికి పనికిరాదు. చేస్తే ముప్పు కూడా.

నీటి సంగతి అంకెల్లోనే చెప్పాలి, లేకపోతే దాని బరువు తెలియదు. ఆరు మీటర్ల ఎత్తు గోడ వెనక పొడిమట్టి ఉందనుకోండి. ఘనపు మీటరు మట్టి బరువు 18 కిలోన్యూటన్లు, అందులో పక్కకు తోసే వంతు (పక్క తోపు గుణకం) 0.33 అని తీసుకుంటే, ఒక్కో మీటరు పొడవు గోడ మీద సుమారు 107 కిలోన్యూటన్ల తోపు పడుతుంది. దాదాపు 11 టన్నులు. అదే మట్టి పైదాకా నీళ్లతో నిండి, ఆ నీళ్లకు దారి లేకపోతే ఒక్క నీటి ఒత్తిడే 177 కిలోన్యూటన్లు అవుతుంది. నీట మునిగిన మట్టి తోపు 59కి తగ్గినా, రెండూ కలిసి 236. అంటే 24 టన్నులు. వెనకున్న మట్టి అదే, గోడ అదే, రాళ్లు అవే. నీళ్లు ఆగడం వల్ల తోపు రెండింతలు దాటింది. మీటరుకు 13 టన్నుల చొప్పున అదనంగా వచ్చిపడిన ఈ తోపును కడ్డీలతో ఆపాలంటే గోడను జల్లెడ చేయాలి. నీళ్లను వదిలేస్తే ఆ తోపే ఉండదు.

వరంగల్ గోడలో సున్నం లేకపోవడం లోపం కాదు. ప్రతి సందూ ఒక నీటిదారి. ఏడు వందల ఏళ్లకు పైగా ఆ గోడ నిలబడటానికి ఆ సందులు పెద్ద కారణం. అలాంటి గోడకు 'అందంగా ఉంటుంది, మొక్కలు మొలవవు' అని సందులన్నిట్లో సిమెంటు కూరితే ఏమవుతుందో పై లెక్క చెబుతోంది. అడ్డుకట్ట కాస్తా ఆనకట్ట అవుతుంది. ముందుగా గోడ కింది వరుసల్లో తడి చార కనిపిస్తుంది. ఆ చార వానాకాలం గడిచినా ఆరదు. తర్వాత సిమెంటు అంచుల వెంట తెల్లగా ఉప్పు పూస్తుంది. ఆపైన ఒకచోట సిమెంటు పెచ్చు ఊడి, వాన వెలిశాక గంటల తరబడి అక్కడినుంచి నీళ్లు కారుతాయి. ఇది చూసి మేస్త్రీ ఆ పెచ్చును మళ్లీ పూడిస్తే గోడకున్న ఒకే ఒక్క నీటిదారిని మూసినట్టే. అక్కడ చేయాల్సింది సిమెంటును సన్నని ఉలితో, చేత్తో, కింది వరుసల నుంచి తీయడం. గ్రైండరు పెట్టకూడదు. దాని పళ్లెం సిమెంటుతోపాటు రాతి అంచునూ తినేస్తుంది, రాళ్లు ఒకదానిపై ఒకటి ఆనే చోటు తగ్గిపోతుంది.

గోల్కొండ తరహా సున్నపు గోడకు నీటిదారి వేరుగా పెట్టాలి. గోడ తలమీద ముఖ్యంగా చూడాలి. పైన పగిలిన సున్నం పొర తీసి, కొత్తగా సున్నపు కాంక్రీటు వేసి, మీటరుకు 2 సెంటీమీటర్ల వాలు ఇస్తే వాన నీరు గర్భంలోకి దిగదు. మట్టి ఆనుకున్న చోట రెండేసి మీటర్లకు ఒకటి చొప్పున 75 మి.మీ. గొట్టం, బయటికి వాలుగా పెట్టాలి. లోపలి కొసకు నీళ్లను వదిలి మట్టిని ఆపే జియోటెక్స్‌టైల్ గుడ్డ చుట్టి, చుట్టూ 20 మి.మీ. కంకర పోయాలి. గుడ్డ లేకపోతే రెండు వానాకాలాల్లో మట్టి గొట్టాన్ని పూడ్చేస్తుంది. కంకర లేకపోతే గుడ్డే మూసుకుపోతుంది. ఇంకొక జాగ్రత్త ఇక్కడే చెప్పాలి. కాలువ తవ్వాలనో, కేబుల్ వేయాలనో గోడ పాదం పక్కన జేసీబీతో బారుగా గుంత తీయడం ఎన్ని గోడల ప్రాణం తీస్తుందో! పాదం ముందున్న మట్టి గోడను జారకుండా ఆపుతోంది. తప్పనిసరైతే రెండేసి మీటర్ల ముక్కలుగా, ఒకటి విడిచి ఒకటి తవ్వి, పూడ్చి, కూరి, ఆ తర్వాతే మధ్యవి తవ్వాలి. వానాకాలంలో అసలు తవ్వకూడదు.

ఇక కొలత. పగులు మీద గాజు పట్టీ అంటించి, అది పగిలితే గోడ కదిలినట్టు అనుకోవడం పాత పద్ధతి. గాజు చెప్పేది కదిలిందా లేదా అన్నదే. ఎంత, ఎటు, ఎప్పుడు అన్నది చెప్పదు. పైగా ఎండకు అంటు వదిలినా, కోతి లాగినా ఊడిపోతుంది. దానికి బదులు పగులుకు ఒక పక్క రెండు, మరో పక్క ఒకటి, త్రికోణంగా మూడు చిన్న స్టెయిన్‌లెస్ స్టీలు బిళ్లలు అతికించండి. మధ్య దూరాలు మూడూ డిజిటల్ వెర్నియర్ కాలిపర్‌తో కొలవండి. పగులు వెడల్పవుతోందా, ఒక పక్క కిందికి జారుతోందా అన్నవి రెండూ తెలుస్తాయి. కాలిపర్ రీడింగు చూపేది 0.01 మి.మీ. దాకా అయినా చేతి తేడా వల్ల 0.1 మి.మీ. వరకే నమ్మొచ్చు. గోడకు అది చాలు. ఒక్కో దూరాన్ని మూడుసార్లు కొలిచి మధ్య అంకె రాసుకోవాలి. బిళ్ల అతికించేముందు రాతిని వైరు బ్రష్‌తో రుద్ది, దుమ్ము ఊది, ఎపాక్సీ జిగురు పెట్టాలి. పెచ్చు కట్టిన పొర మీద అతికిస్తే ఆ పెచ్చు కదలికనే ఏడాదంతా కొలుస్తూ కూర్చుంటాం.

ఈ కొలతల్లో అందరూ బోల్తాపడే చోటు ఉష్ణోగ్రత. గ్రానైటు ఒక డిగ్రీ వేడికి మీటరుకు 0.008 మి.మీ. చొప్పున పెరుగుతుంది. పది మీటర్ల గోడ 20 డిగ్రీల తేడాకు 1.6 మి.మీ. సాగుతుంది. మే నెలలో పడమటి ముఖం మీద తెల్లవారుజామున చేసిన కొలతను మధ్యాహ్నం మూడింటి కొలతతో పోల్చి 'పగులు మూసుకుంటోంది, గోడ బాగుపడుతోంది' అని నివేదిక రాస్తే అది వేడి గురించి రాసినట్టే తప్ప గోడ గురించి కాదు. సాయంత్రం చల్లబడ్డాక అదే పగులు మళ్లీ తెరుచుకుంటుంది. అందుకే రోజూ ఒకే వేళకు, వీలైతే సూర్యుడు రాకముందే కొలవాలి. పక్కన రాతి ఉష్ణోగ్రత కూడా రాయాలి. మొదటి పదిహేను రోజుల రీడింగులను గ్రాఫ్ కాగితం మీద ఉష్ణోగ్రతకు ఎదురుగా గుర్తిస్తే వాలు దొరుకుతుంది. డిగ్రీకి 0.03 మి.మీ. అని వస్తే, 15 డిగ్రీల తేడాకు 0.45 మి.మీ. ఆ గోడకు మామూలు ఊపిరి. అది తీసేయగా మిగిలినదే అసలు కదలిక.

వంద మీటర్ల గోడకు ఏమేం కావాలో మా లెక్క ఇది. ముఖ్యమైన పగుళ్లు ఎంచి పది చోట్ల త్రికోణపు బిళ్లలు. వాటిలో ప్రమాదకరంగా కనిపించే మూడింటికి పగులు వెడల్పును తమంతట తామే కొలిచే వైబ్రేటింగ్ వైర్ క్రాక్‌మీటర్లు, 25 మి.మీ. పరిధివి చాలు. ఉబ్బు వచ్చినచోట, బురుజు తలమీద కలిపి ఒరుగుదల కొలిచే నాలుగు టిల్ట్‌మీటర్లు. గోడ వెనక మట్టిలో రెండు నీటిమట్టపు గొట్టాలు, 50 మి.మీ. పీవీసీ, కింది మీటరున్నర చిల్లులు పెట్టి గుడ్డ చుట్టినవి. ఒక వానమాపకం. ఇవన్నీ కలిపి రీడింగులు నమోదు చేసే డేటాలాగర్, సోలార్ పలక. గోడముఖం మీద సర్వే పరికరంతో గురిపెట్టి కొలిచే పన్నెండు ప్రిజంలు, దూరంగా కదలని బండమీద కనీసం మూడు ఆధార బిందువులు. గోల్కొండలో పుట్టుబండకు కొదవలేదు, ఆధార బిందువును గోడ మీదో, మట్టికట్ట మీదో పెట్టడానికి ఏ సాకూ లేదు. గోడమీదే ఆధారం పెడితే రెండూ కలిసి కదులుతాయి, కాగితం మీద మాత్రం సున్నా వస్తుంది.

టిల్ట్‌మీటర్ అంకెలు చదవడం తెలియాలి. పది మీటర్ల ఎత్తులో ఒక మిల్లీమీటరు ఒరగడమంటే సుమారు 21 సెకన్ల కోణం (డిగ్రీలో 3600వ వంతు ఒక సెకను). మంచి పరికరం దానికన్నా చాలా చిన్న కోణాన్నీ పట్టేస్తుంది, కాబట్టి లోపం చాలావరకు పరికరంలో ఉండదు, దాన్ని బిగించిన రాయిలో ఉంటుంది. వదులుగా ఉన్న రాతికి బిగిస్తే ఆ ఒక్క రాయి కథే చెబుతుంది. లేజర్ స్కానింగ్ గురించి ఈమధ్య చాలా వింటున్నాం. ఉబ్బు ఎక్కడుంది, ఎంత లోతు, ఎంత వెడల్పు అన్న పటం గీయడానికి దానంతటిది లేదు. అయితే దాని పొరపాటు రెండు నుంచి అయిదు మిల్లీమీటర్లు ఉంటుంది. నెలకు అర మిల్లీమీటరు కదిలే గోడను నెలనెలా స్కాన్ చేస్తే తేలేది ఏమీ ఉండదు. ఏడాదికోసారి స్కాన్, వారానికోసారి కాలిపర్ అన్నది సరైన పొత్తు.

ఉపగ్రహాల మాటా చెప్పాలి. నాసా, ఇస్రో కలిసి చేసిన నిసార్ 2025 జూలై 30న మన శ్రీహరికోట నుంచే నింగికెగిసింది. పన్నెండు రోజులకోసారి అదే చోటును రాడార్‌తో చూస్తుంది. కొండవాలు మొత్తం జారుతోందా, కోట కింది నేల కుంగుతోందా అన్నది ఇలాంటి చూపుకు అందుతుంది. ఇటలీలోని ప్రాచీన నగరం పాంపేయిలో కాస్మో స్కైమెడ్ ఉపగ్రహాల రాడార్ చిత్రాలను అలాగే వాడుకున్నారు. ఒక బురుజు ముఖంలో రెండు రాళ్ల మధ్య పగులు మాత్రం దానికి కనిపించదు. ఉపగ్రహం ఉందికదా అని గోడ దగ్గరికి మనిషి పోవడం మానేయకూడదు.

పాంపేయి పేరు వచ్చింది కాబట్టి అక్కడ జరిగింది చెప్పడం అవసరం. 2010 నవంబరు 6న, వానల తర్వాత, గ్లాడియేటర్ల శాల అని పిలిచే కట్టడం కుప్పకూలింది. రెండో ప్రపంచ యుద్ధపు బాంబుదాడిలో దెబ్బతిన్న ఆ భవనానికి తర్వాత కాంక్రీటు కప్పు వేశారు. వెనక ఇంకా తవ్వని మట్టి గట్టు నీళ్లు పీల్చుకుని బరువెక్కింది. పైన మరమ్మతు పేరుతో పెట్టిన బరువు, వెనక నీటి తోపు. మన కోటల్లో ఈ రెండూ ఉన్నాయి. ఆ తర్వాత యూరోపియన్ యూనియన్ సాయంతో 10.5 కోట్ల యూరోల పథకం పెట్టినప్పుడు, గోడలు బలపరచడంతోపాటు ఆ మట్టిగట్ల వాలు సరిచేయడం, నీళ్లు మళ్లించడం పెద్ద పనిగా చేశారు.

మన దగ్గరా ముందే చూడటం ప్రాణాలు కాపాడిన ఉదాహరణ ఉంది. 1516లో శ్రీకృష్ణదేవరాయలు కట్టించిన శ్రీకాళహస్తి గాలిగోపురం 2010 మే 26న కూలింది. అది రాతి పాదం మీద ఇటుకల కట్టడం, కోటగోడ లాంటిది కాదు. కానీ పగులు పెరుగుతోందని గమనించి జనాన్ని దూరం పంపబట్టి పెద్ద ప్రాణనష్టం తప్పింది. కంటితో చూసినంత మాత్రానికే అంత మేలు జరిగితే, నాలుగేళ్ల ముందు నుంచి అంకెలు రాసి ఉంటే గోపురానికీ ఏదైనా చేయగలిగేవాళ్లేమో.

అంకెలు వచ్చాక ఏ అంకెకు ఏం చేయాలో ముందే రాసి గోడకు అంటించాలి. మొదలుపెట్టడానికి మేం సూచించేది ఇది. ఉష్ణోగ్రత తీసేశాక నెలకు అర మిల్లీమీటరు లోపైతే వారానికోసారి కొలత. అది దాటితే రోజూ కొలత, గోడ కింద జనం నడవకుండా తాడు. రోజుకు 0.2 మి.మీ. దాటినా, వరసగా మూడు రోజులు కదలిక ముందురోజు కన్నా పెరుగుతూ పోయినా గోడ ఎత్తుకు ఒకటిన్నర రెట్లు దూరం ఖాళీ చేయించి, టింబరు లేదా స్టీలు ఊతాలు పెట్టాలి. అసలు గుర్తు వేగం పెరగడం. ఏడాదికి ఆరు మిల్లీమీటర్లు నిలకడగా కదిలే గోడ కన్నా, నిన్న 0.1, ఇవాళ 0.2, రేపు 0.4 అని పోయే గోడ దగ్గర ఎక్కువ భయపడాలి. గొట్టంలో నీటిమట్టం వాన వెలిసిన రెండు రోజులకూ దిగకపోతే అదీ హెచ్చరికే, పగులు కదలకపోయినా సరే.

పరికరాలు చెడేది ఎక్కువగా చిన్న విషయాలకు. కోతులు కేబుళ్లు పీకుతాయి, కాబట్టి కేబుల్ ఇనుప గొట్టంలోంచి పోవాలి. వానమాపకంలో ఆకులు, కందిరీగల గూళ్లు చేరతాయి. సిమ్ రీచార్జి అయిపోతుంది. వీటన్నిటికన్నా పెద్ద లోపం, వచ్చిన రీడింగులు ఎవరూ చూడకపోవడం. వారానికి రెండు గంటలు కేటాయించి నోటుపుస్తకంలో రాసే ఒక మనిషి, ఎవరూ తెరవని డేటాలాగర్ కన్నా మేలు.

ఇప్పుడు యాంకర్లు. ముందు గోడను తట్టి చూడాలి. చెక్కసుత్తితో అర మీటరుకొకచోట తడుతూ పోతే, ముఖం గర్భం నుంచి విడిపోయిన చోట డొల్ల చప్పుడు వస్తుంది. అక్కడ సందులోంచి సన్నని ఎండోస్కోపు కెమెరా దూర్చి ఖాళీ ఎంతుందో చూడాలి. ఉబ్బు ముఖపు రాయి మందంలో ఆరోవంతు దాటిందా అన్నది మొదటి పరీక్ష. 450 మి.మీ. మందం ముఖానికి 75 మి.మీ. దాటితే పైబరువు రాతి మధ్యభాగం నుంచి అంచుకు జరుగుతున్నట్టు. అంతదాకా రాకముందైతే యాంకర్ సరిపోవచ్చు. దాటిపోతే ఊతం పెట్టి, రాళ్లకు అంకెలు వేసి, విప్పి మళ్లీ కట్టడమే దారి. సున్నం లేని వరంగల్ తరహా గోడలో ఉబ్బుకు మేం ఎప్పుడూ ఈ రెండో దారే చెబుతాం. ఆ గోడకు యాంకర్ వేయాలంటే మట్టికట్టలోకి మూడు నుంచి ఆరు మీటర్లు దూర్చాలి, ఆ మట్టిలో కాకతీయుల కాలపు పొరలుంటాయి, ఒక్కో రంధ్రం వాటిని చీల్చుకుంటూ పోతుంది. కడ్డీ చుట్టూ పోసే పల్చని ముద్ద, అంటే గ్రౌటు, సందుల్లోకి పారితే నీటిదారులు మూసుకుపోతాయి. ఇక అలాంటి గోడలోకి గ్రౌటు విడిగా ఎక్కించడం, ఎంత మంచి సున్నమైనా, చేయకూడని పని.

గోల్కొండ తరహా గోడకు గుడ్డసంచి యాంకర్ తగినది. స్టెయిన్‌లెస్ స్టీలు కడ్డీ చుట్టూ పాలియెస్టర్ గుడ్డ తొడుగు ఉంటుంది. దాన్ని రంధ్రంలో పెట్టి లోపలి గొట్టం ద్వారా గ్రౌటు పంపితే తొడుగు ఉబ్బి, రంధ్రం గోడలను, పక్కనున్న చిన్న ఖాళీలను పట్టుకుంటుంది. గ్రౌటులోని పల్చని పాలు గుడ్డలోంచి కొద్దిగా చిమ్మి రాతికి అంటుకుంటుంది, ముద్ద మాత్రం సంచిలోనే ఉంటుంది. తొడుగు లేకుండా పోస్తే, డొల్ల గర్భంలో గ్రౌటు ఎక్కడికి పోయిందో తెలియదు. రెండు బస్తాలు పట్టాల్సిన రంధ్రం ఇరవై బస్తాలు మింగుతుంది, ముఖాన్ని లోపలినుంచి ఇంకా తోస్తుంది.

రంధ్రం 65 మి.మీ. అనుకుందాం, గర్భంలోకి మీటరున్నర లోతు. చుట్టుకొలతను లోతుతో గుణిస్తే పట్టు దొరికే వైశాల్యం 0.31 చదరపు మీటర్లు. పాత సున్నపు గర్భానికి పట్టు చదరపు మిల్లీమీటరుకు 0.1 న్యూటను మాత్రమే అని జాగ్రత్తగా తీసుకుంటే ఒక్కో యాంకర్ ఊడేది దాదాపు 30 కిలోన్యూటన్లకు. మూడోవంతు మాత్రమే నమ్మి 10 కిలోన్యూటన్లకు, అంటే ఒక టన్నుకు, లెక్క వేయాలి. కాగితం మీద లెక్క చాలదు. పనికి ముందు అదే గోడలో, తర్వాత వదిలేసేలా మూడు పరీక్ష యాంకర్లు వేసి, గ్రౌటు గట్టిపడ్డాక హైడ్రాలిక్ జాకీతో మెట్లు మెట్లుగా లాగాలి, ఒక్కో మెట్టు దగ్గర పది నిమిషాలు ఆగాలి. ఆగిన పది నిమిషాల్లో డయల్ గేజీ ముల్లు కదులుతూనే ఉంటే ఆ భారానికి యాంకర్ జారుతున్నట్టు. జాకీ కాళ్లు పరీక్షించే రాతి మీదే ఆనకూడదు. ఆనితే ముఖపు రాతినే నొక్కి, లేని పట్టును చూపిస్తుంది.

రంధ్రం వేయడానికి కొట్టుడు డ్రిల్లు వద్దు, తిరిగే డైమండ్ కోర్ డ్రిల్లే కావాలి. కొట్టుడుకు లోపలి రాతిముక్కలు కిందికి సర్దుకుని పైన కొత్త డొల్ల పుడుతుంది. గ్రానైటుకు కొంచెం నీళ్లు తప్పవు, కానీ పోసిన నీళ్లు తిరిగి రావడం మానేస్తే వెంటనే ఆపాలి. బిట్ ఖాళీలోకి దిగింది, ఆ నీళ్లు గర్భంలోని మట్టిని, సున్నాన్ని కడిగేస్తున్నాయి. ఆ లోతు రాసుకుని, అక్కడినుంచి గాలితో ముందుకు వెళ్లాలి. రంధ్రం లోపలికి పది డిగ్రీలు కిందికి వాలి ఉండాలి. వీలైనంతవరకు రాతి మధ్యలో కాక సందులో మొదలుపెట్టాలి. రాతిలోనే వేయాల్సివస్తే పైన తీసిన రాతి బిళ్లను దాచి, చివర అదే బిళ్లను సున్నంతో తిరిగి అతికించాలి. రాతిదుమ్ము ఊపిరితిత్తులను తినేస్తుంది. డ్రిల్లు పట్టినవాడికి మాస్కు ఇవ్వని కాంట్రాక్టుకు బిల్లు పాస్ చేయకూడదు.

గర్భంలో డొల్లలు నింపే గ్రౌటుకు తడిలోనూ గట్టిపడే హైడ్రాలిక్ సున్నం, సన్నని ఇటుకపొడి సరిపోతాయి. అర మీటరు దూరంలో అడ్డదిడ్డంగా గొట్టాలు పెట్టి, కింది వరుస నుంచి పైకి, రోజుకు అర మీటరుకు మించకుండా పోయాలి. రెండు మీటర్ల ఎత్తున బకెట్టు వేలాడదీసి దాని బరువుతో దిగేలా చేస్తే చాలు, పంపు అక్కర్లేదు. పంపు పెట్టి ఒత్తిడి ఎక్కిస్తే విడిపోయిన ముఖాన్ని మన చేతులతోనే బయటికి తోసినట్టు. గ్రౌటు పోసినంతసేపూ పక్కన టిల్ట్‌మీటర్ చూసే మనిషి ఉండాలి. కారే సందులను జనపనార, బంకమట్టితో మూయాలి, గట్టిపడ్డాక తీసేయాలి.

యాంకర్ కడ్డీ లోహం మీద బేరాలు వద్దు. మామూలు ఇనుము తుప్పుపడితే అసలు పరిమాణానికి ఎన్నో రెట్లు ఉబ్బి రాతిని చీలుస్తుంది. ఏథెన్స్ అక్రోపోలిస్ మీద 20వ శతాబ్దపు తొలి దశాబ్దాల్లో ఇంజినీరు బలనోస్ పార్థెనాన్ రాళ్లను ఇనుప పట్టీలతో బిగించాడు. ప్రాచీన గ్రీకులు అదే ఇనుమును సీసంలో పొదిగారు, ఆయన పనిలో ఆ కాపు కొరవడింది. తుప్పు ఉబ్బి పాలరాతి దిమ్మెలు పగిలాయి. 1975లో ఏర్పడిన కమిటీ ఆధ్వర్యంలో వాటిని తీసి టైటానియం పెడుతూ వస్తున్నారు. రెండు వేల ఏళ్లు నిలిచిన రాళ్లను మరమ్మతే కొన్ని దశాబ్దాల్లో పగలగొట్టింది. మనకు టైటానియం భారమైతే కనీసం 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు, మిల్లు సర్టిఫికెట్‌తో సహా ఉండాలి. 'ఎపాక్సీ పూసిన టోర్ స్టీలు' అని టెండర్లో కనిపిస్తే కొట్టేయించాలి. గుచ్చేటప్పుడు ఎక్కడో ఒకచోట పూత గీసుకుపోతుంది, తుప్పు అక్కడే మొదలవుతుంది.

బిగించి లాగే యాంకర్లను కూడా మేం వద్దంటాం. నట్టు తిప్పి ముందే భారం ఎక్కిస్తే డొల్ల మీదున్న ముఖపు రాయి లోపలికి కుంగి, పక్క రాళ్లు బయటికి వస్తాయి. గోడ కదిలినప్పుడు మాత్రమే భారం అందుకునే యాంకరే పాత గోడకు తగినది. వేసిన యాంకర్లలో పదింటికి ఒకదానికి భారం కొలిచే లోడ్‌సెల్ పెడితే, అది భారం అందుకుంటోందో లేదో తెలుస్తుంది. అన్నీ వేసి రెండు వానాకాలాలు గడిచినా లోడ్‌సెల్ సున్నా దగ్గరే ఉంటే సంతోషించాల్సిందే, నీటిదారి పని చేస్తోందన్నమాట.

చెట్ల గురించి రెండు ముక్కలు. రావి, మర్రి మొక్కను వేరుతో సహా పీకకండి. లోపల వేరు రాళ్లను పట్టి ఉంచుతోంది, పీకితే రాళ్లూ వస్తాయి. మొదలు దగ్గర కోసి, కోసిన నిమిషాల్లోనే ఆ గాయానికి వేరు చంపే మందు పూసి, వేరు కుళ్లి ఏర్పడిన ఖాళీని ఏడాది తర్వాత సున్నంతో నింపాలి.

క్వారీలు, రోడ్డు పనుల అదురు ఇంకో సంగతి. గనుల భద్రతా డైరెక్టరేట్ పరిమితుల ప్రకారం చారిత్రక కట్టడాల దగ్గర బ్లాస్టింగ్ అదురు 8 హెర్ట్జ్ (సెకనుకు 8 ఊపులు) లోపు సెకనుకు 2 మి.మీ., 25 దాకా 5, ఆపైన 10 మి.మీ. దాటకూడదు. రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్లు నిషిద్ధం, ఆపై 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం అన్నది చట్టం. కానీ అదురు మీటర్లు చూసి ఆగదు, బండలోంచి దూరం పోతుంది. దూరాన్ని కొలిచే బదులు గోడ పాదం దగ్గర జియోఫోన్ అనే అదురుమాపకం పెట్టి అదురునే కొలవాలి.

2023 జూలై చివర ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో దాదాపు 65 సెంటీమీటర్ల వాన పడింది. రామప్ప గుడి ఉన్న మండలమే అది. అలాంటి వాన వరంగల్ మట్టికట్ట మీద పడితే నీరు ఎంతసేపట్లో దిగుతుందన్న ప్రశ్నకు జవాబు రెండు పీవీసీ గొట్టాల్లో దొరుకుతుంది.

కూలిన తర్వాత చేయాల్సింది కూడా చెబుతాం, ఎక్కువ నష్టం అప్పుడే జరుగుతోంది కాబట్టి. రాళ్లను జేసీబీతో ఎత్తి కుప్ప పోయకండి. పడ్డవి పడ్డచోటే ఫొటోలు తీయాలి, నేలమీద మీటరు గళ్లు గీసి ఒక్కో రాతికి అంకె వేయాలి, పాత ఫొటోలతో పోల్చాలి. 2016 ఏప్రిల్ భూకంపాలకు జపాన్‌లో కుమమొతో కోట రాతిగోడలు జారినప్పుడు, రాళ్లకు అంకెలు వేసి, పాత ఫొటోల సాయంతో ఏ రాయి ఎక్కడిదో పోల్చుకుంటూ పని మొదలుపెట్టారు. పూర్తయ్యేది 2052లో అని ప్రకటించారు. అంత ఓపిక మనకూ కావాలి. కూలినచోట తెరుచుకున్న గర్భం మీద ఆ రోజే టార్పాలిన్ కప్పాలి, రెండు పక్కల మిగిలిన గోడ అంచులకు ఇసుకబస్తాల ఊతం పెట్టాలి. పక్క గోడ పడేది సాధారణంగా తర్వాతి వానకే.

చివరగా మీ పత్రికకు ఒక విన్నపం. శ్రీశైలం, సాగర్ నీటిమట్టాలు వానాకాలమంతా మీరు రోజూ అచ్చువేస్తారు. గోల్కొండ, వరంగల్, కొండవీడు, గండికోట గోడల రీడింగులు జూన్ నుంచి అక్టోబరు దాకా వారానికోసారి వేయండి. రీడింగులు లేవంటే ఆ గడిలో 'కొలవలేదు' అని వేయండి. నాలుగు గళ్లు చాలు: వారం వాన, గోడ వెనక నీటిమట్టం, పెద్ద పగులు వెడల్పు, కిందటి వారంతో తేడా.

ఇట్లు,
పాత కట్టడాల మరమ్మతు పనుల్లో ఉన్న కొందరు ఇంజినీర్లు, మేస్త్రీలు,
హనుమకొండ